తూకం బాబు పారసీ కచేరీ

అరకు సంతకు కరక్కాయలు, చింతపండు తెచ్చే ఆడవాళ్ళు తమలో తాము ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. సర్కారు డిపోలో తూకం బాబు పాట ఎత్తుకున్నాడంటే అది ముగిసేదాకా బుట్ట నెత్తి మీంచి దించకూడదు. ఎందుకంటే పాట మధ్యలో ఎక్కడో ఒకచోట ఆయన కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు మూసుకున్నవాడి చేతిలో త్రాసు ఎటు మొగ్గుతుందో పాడేవాడికే తెలియదు, ఇక బుట్ట తెచ్చినవాళ్ళకేం తెలుస్తుంది?

తూకం బాబు అసలు పేరు వరహాలరావు. పార్వతీపురంలో బెల్లం వర్తకుల ఇంటి బిడ్డ. అడవి సరుకు కొనే డిపోలో గుమస్తాగా చేరి కొండెక్కాడు. చలి ఎక్కువని మెడకు మఫ్లరు చుట్టాడు, ఆ మఫ్లరు ఎండాకాలంలో కూడా విప్పలేదు. కాటాలో మోసం లేని మనిషని గూడేలన్నిటా పేరుంది. పాటలో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. ఆయన పాడేది సినిమా పాట కాదు, కీర్తన కాదు, తత్త్వం కూడా కాదు. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట పారసీ దేశంలో సూఫీలు రాసుకున్న గజళ్ళు. అరకులోయ మొత్తం మీద పారసీ వచ్చినవాడు ఆయనొక్కడే. తప్పు పట్టేవాడు లేని విద్య అంత సుఖమైన విద్య లోకంలో మరొకటి లేదు. వరహాలరావు ఆ సుఖాన్ని పదేళ్ళుగా అనుభవిస్తున్నాడు.

ఇంట్లో ఆయన భార్య రత్నాలు ఆ విద్యకు ఒక ఉపయోగం కనిపెట్టింది. చుట్టాలు వచ్చి, భోంచేసి, తాంబూలం వేసుకుని, ఇంకా చాప మీంచి లేవకపోతే, మొగుడి వైపు తిరిగి ప్రేమగా, "ఓ పాట పాడండి, ఆళ్ళు విన్నేదు" అనేది. రెండో చరణానికల్లా చుట్టాలకు బస్సు టైము గుర్తుకొచ్చేది.

ఇంత సుఖంలోనూ వరహాలరావు గుండెలో ఒక ముల్లు ఉండిపోయింది. ఆ ముల్లు పేరు ఖలీలుల్లా మునిషీ.

మునిషీ గారి తాతముత్తాతలు జమీందారుల కచేరీలో పారసీలో దస్తావేజులు రాసినవాళ్ళు. జమీలు పోయాయి, కచేరీలు పోయాయి, పారసీ పోయింది, మునిషీ అన్న మాట మాత్రం పేరుకు అతుక్కుని ఉండిపోయింది. ఆయన పార్వతీపురం బజార్లో గొడుగులు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఎదురుగా వరహాలరావు తండ్రి బెల్లం దుకాణం. కొడుకు చేతిరాత కోడి గీకినట్టుందని, కాస్త దస్తూరీ నేర్పమని ఆ తండ్రి పిల్లవాణ్ణి వీధి దాటించి మునిషీ గారికి అప్పజెప్పాడు. పిల్లవాడి దస్తూరీ ఏమీ మారలేదు. గొడుగు ఊచలు వంచుతూ మునిషీ గారు కూనిరాగం తీసే గజళ్ళు మాత్రం వాడి నోటికి పట్టుకున్నాయి. మునిషీ గారు అర్థం చెప్పేవారు. ఇందులో ప్రియుడంటే దేవుడు. మద్యమంటే మద్యం కాదు, జ్ఞానం. చావంటే చావు కాదు, పెళ్ళి. మహాత్ములు పోయిన రోజును ఉరుసు అని చేస్తారే, ఆ ఉరుసంటే పెళ్ళనే అర్థం. జీవుడు ఆ రోజున పెళ్ళికూతురై ప్రియుడి ఇంటికి పోతాడు.

అర్థాలు చెప్పడంలో అంత ఉదారుడు మెచ్చుకోవడంలో మాత్రం పరమ పిసినారి. శిష్యుడు గజల్ పాడి ముగించి, మొహంలోకి ఆశగా చూస్తే, మునిషీ గారు గొడుగు మీంచి తల ఎత్తకుండా మూలనున్న కూజా చూపించి, "నీళ్ళు తాగు" అనేవారు. అంతే. బాగుందనీ లేదు, బాగులేదనీ లేదు. వరహాలరావు పెళ్ళాడి, ఉద్యోగం సంపాదించి, నెత్తిన వెంట్రుకలు పలచబడ్డాక కూడా, ఊరికి వెళ్ళినప్పుడల్లా కొట్టు మెట్టు మీద కూచుని ఒక గజల్ పాడేవాడు. ఆయన కూజా చూపించేవారు. ఆ కూజాలోని నీళ్ళు వరహాలరావు తాగినన్ని ఇంకెవరూ తాగి ఉండరు.

ఇలా ఉండగా డెబ్బై ఎనిమిదిలో అరకు స్టేషనుకు జ్ఞానప్రకాశం అనే కుర్రాడు సిగ్నళ్ళు బాగుచేసే పని మీద బదిలీ అయి వచ్చాడు. చెవులు కప్పే జుట్టు, కింద వెడల్పయిన ప్యాంటు, భుజాన ఎలక్ట్రిక్ గిటారు. గిటారు కొన్నదే గానీ దాని శబ్దం పెంచే పెట్టె మాత్రం పాత రేడియోతో సొంతంగా చేసుకున్నది. ఒక సంత రోజు డిపో ముందు నిలబడి వరహాలరావు పాట ఆసాంతం విన్నాడు. బస్సు టైము గుర్తుకురాకుండా విన్న మొదటి మనిషి అతనే. విని, ఈ పాటను గిటారుతో కలిపి వాయిస్తే బొంబాయిలో కూడా ఇలాంటిది ఉండదని, రైల్వే కాలనీ క్లబ్బు వార్షికోత్సవం డిసెంబరులో వస్తోందని, మనిద్దరం కలిసి కచేరీ చేద్దామని అన్నాడు.

వరహాలరావు ఆ మాటకు ఎంత పొంగిపోయాడంటే, ఆ రోజు చింతపండు తూకం రెండుసార్లు వెయ్యాల్సి వచ్చింది.

సాధనలు క్లబ్బు వరండాలో మొదలయ్యాయి. గజల్ విరహంతో మూలుగుతుంటే కింద గిటారు గుర్రంలా దౌడు తీసేది. కొన్నాళ్ళకు గుర్రం నడక నేర్చుకుంది, మూలుగు కాస్త పరుగు నేర్చుకుంది. ఇద్దరూ ఒక చోట కలిసినప్పుడు, వరండాలో క్యారమ్స్ ఆడేవాళ్ళు కూడా చెయ్యి ఆపి చూసేవాళ్ళు. ఒకటే చిక్కు. ఆ పాత రేడియో తన పాత బుద్ధి మానలేదు. వరహాలరావు ప్రియుడి కోసం ప్రాణం పెట్టి పాడుతుంటే, పెట్టెలోకి కటకం రేడియో స్టేషను దూరి, తీరమంతా ఓ మోస్తరు వర్షాలు పడతాయని ఒడియాలో చెప్పిపోయేది.

ఆ ఉత్సాహంలో వరహాలరావు మునిషీ గారికి కార్డు రాసి పడేశాడు, వచ్చి వినమని. ఆయన రారనే ధైర్యంతోనే రాశాడు. మునిషీ గారు డెబ్బై దాటినవారు, బొబ్బిలి దాటి ఎరగరు. వస్తున్నానని జవాబు వచ్చింది. ఆ సొరంగాల రైలు ఎక్కాలని ఎప్పట్నుంచో కోరికగా ఉందట.

అప్పట్నుంచి వరహాలరావుకు అన్నం సహించలేదు. రత్నాలు ఆరా తీస్తే, ఈ జన్మలో ఆయన నోట ఒక్క మంచి మాట వినకపోతే తన పాటకు అర్థం లేదన్నాడు. ఇంత అర్థం లేని పాటకు కొత్తగా అర్థమెందుకని రత్నాలు అనబోయింది గానీ, మొగుడి మొహం చూసి ఊరుకుని, కోడిగుడ్డు వేయించి పెట్టింది.

కచేరీ రెండు రోజులుందనగా, తాళానికి బాంగో వాయించాల్సిన కాలనీ కుర్రాణ్ణి చలిజ్వరం కుదిపేసింది. తాళం లేకుండా కచేరీ ఏమిటని జ్ఞానప్రకాశం నెత్తి పట్టుకున్నాడు. వరహాలరావుకు పనసపుట్టు గూడెం సోంబరు గుర్తుకొచ్చాడు. సోంబరు తుడుం కొడితే ధింసా ఆడేవాళ్ళ కాళ్ళు వాటంతటవే లేస్తాయని చుట్టుపక్కల చెప్పుకుంటారు. డిపోకు సరుకు తెచ్చే మనిషే కనక కబురు పెడితే వచ్చాడు, తమ్ముడు సుక్రును, వాడి మోరీ బాకాను వెంటబెట్టుకుని.

వరహాలరావు పాట పాడి వినిపించాడు. సోంబరు గొంతుక్కూచుని, చుట్ట ఆర్పి, చెవిలో పెట్టుకుని, శ్రద్ధగా విన్నాడు. విని అడిగాడు.

"బాగున్నాది గాని బాబూ, ఇది దేని పాట? పెళ్ళిదా, చావుదా, ఏటదా?"

ఊరికే పాట అన్నాడు వరహాలరావు. సోంబరు తమ్ముడి మొహం చూశాడు. ఊరికే అనే దరువు వాళ్ళ దగ్గర లేదు. విత్తనాలకొక దరువుంది, చైత్రమాసం వేటకొకటుంది, పెళ్ళికొకటి, చావుకొకటి ఉంది. పని లేకుండా తుడుం మీద కర్ర వేస్తే, ఎందుకు పిలిచార్రా అని కొండదేవత లేచి వస్తుంది. వచ్చిన దేవతకు ఏం చెప్పాలి?

వరహాలరావు ఆలోచనలో పడ్డాడు. మునిషీ గారు చెప్పిన అర్థమంతా తవ్వి తీసి, చేతులు తిప్పుతూ వివరించాడు. ఈ పాటలో ఒకడు చనిపోతాడు. చనిపోయినా ఏడవడు. 'ప్రియుడా, నువ్వు నా కోసం పల్లకీ పంపావు, ఊరు దాన్ని పాడె అనుకుంటోంది' అంటాడు. అంటే వాడికి ఆ చావే పెళ్ళి.

జ్ఞానప్రకాశానికి ఇది అంతగా అర్థం కాలేదు. సోంబరుకు చక్కగా అర్థమయింది. "అయితే ముందల చావు దరువు, పల్లకీ కాడ్నించి పెళ్ళి దరువు. అంతే కదేటి" అన్నాడు. పారసీ చదువు ఇంత సులువుగా ఒకరికి ఎక్కడం వరహాలరావు ఎప్పుడూ చూడలేదు. సంబరంగా తల ఊపాడు.

సోంబరు లేవబోతూ ఆగాడు. "మరి పోయినోడి పేరేటి బాబూ? పేరు లేకుండా చావు దరువు ఎయ్యకూడదు."

వరహాలరావు నవ్వాడు. ఈ పాటలో పోయేది పాడేవాడే కదా అన్నాడు. సోంబరు మళ్ళీ అడిగాడు, పాడేది తమరే కదా అని. "నేనే అనుకో" అన్నాడు వరహాలరావు, తాళం దొరికిన హుషారులో.

మైదానం మనిషికి డోలంటే తాళం. మంచి తాళం కుదిరిందనుకున్నాడు ఆయన. కొండ మీద చావు దరువంటే తాళం కాదు, కబురు. కాలిబాట తప్ప మరో దారి లేని గూడేలకు అదే టెలిగ్రాము. దరువు వినబడితే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చేతిలో పని వదిలి, ఆకు దొన్నెలో గుప్పెడు బియ్యం, సొరకాయ బుర్రలో కాస్త కల్లు పట్టుకుని బయల్దేరాలి. ఎవరు పోయారో దారిలో కనుక్కోవచ్చు, దరువు వేసేవాడు ఆ పేరు గూడెంలో చెప్పే బయల్దేరతాడు. ఈ సంగతి పదేళ్ళుగా అక్కడ చింతపండు తూచిన పెద్దమనిషికి తెలియదు. ఆయన్ను ఎవరూ చావుకు పిలవలేదు మరి.

కచేరీ రోజు మధ్యాహ్నం రైలు దిగిన మునిషీ గారు షేర్వానీ మీద మంకీ క్యాపు పెట్టుకున్నారు. ప్రతి సొరంగంలోనూ దేవుణ్ణి తలుచుకున్నారట. ఇన్ని సొరంగాలు ముందే తెలిస్తే పుణ్యానికి హజ్ దాకా పోనక్కరలేదనుకునేవాణ్ణని చెప్పారు. తను కట్టిన కొత్త గొడుగు రత్నాలు చేతిలో పెట్టారు. పెద్దాయన ఏం తింటారో అని రత్నాలు పొద్దుట్నుంచి హడలిపోతోంది. ఆయన చోడి అంబలి చూపించి అదేమిటని అడిగి, రుచి చూసి, మరో గిన్నె పోయించుకున్నారు. పాట ఊసు ఎత్తలేదు. నీళ్ళు కూడా అడగలేదు. అది మరీ భయంగా తోచింది వరహాలరావుకు.

స్టేషను పక్క మైదానంలో బల్లలు చేర్చి వేదిక కట్టారు. పొద్దు కొండ వెనక్కి జారుతుండగానే మంచు దిగడం మొదలెట్టింది. కాలనీవాళ్ళు దుప్పట్లు కప్పుకుని చాపల మీద చేరారు. చేతులున్న కుర్చీ ఒక్కటే ఉంటే అది మునిషీ గారికి వేశారు. రత్నాలు పప్పు దించి వస్తానని ఇంట్లోనే ఉండిపోయింది.

గిటారు మెల్లగా మొదలుపెట్టింది. వరహాలరావు గొంతు విప్పాడు. కటకం స్టేషను ఆ పూట దయతలచి రాలేదు. మొదటి పాదం అయ్యీ కాకముందే సోంబరు తుడుం అందుకున్నాడు. ఒక దెబ్బ. చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత రెండు దెబ్బలు. మళ్ళీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సుక్రు మోరీ సన్నగా మూలిగింది. జ్ఞానప్రకాశం గిటారు కూడా ఎందుకో తల వంచుకుంది. ఇంత నిండుగా ఈ పాట ఉంటుందని వరహాలరావుకే తెలియదు.

రెండో చరణంలో ఉండగా మైదానం అంచున ఒక ముసలివాడు గొడ్డలి భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. తర్వాత మరో నలుగురు. ఆ తర్వాత మంచులోంచి ఆడవాళ్ళు వరసగా దిగారు, చేతుల్లో దొన్నెలు. వేదిక ముందుకొచ్చి, కాలనీవాళ్ళను పక్కకు జరిపి, నేల మీద కూలబడి, కొంగులు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలెట్టారు.

జ్ఞానప్రకాశం ఒళ్ళు పులకరించింది. గిటారు వంచి వరహాలరావు చెవి దగ్గరికి వచ్చి, జనం గుండె పట్టేసుకున్నాం అన్నాడు. కాలనీవాళ్ళు కూడా అలాగే అనుకున్నారు. స్టేషను మాస్టరు భార్య, అందరూ ఏడుస్తుంటే తను ఊరుకోవడం బాగుండదని కళ్ళొత్తుకుంది. వరహాలరావు సంగతి చెప్పనే అక్కర్లేదు. తన పాటకు చుట్టాలు లేచిపోవడమే చూశాడు గానీ, మనుషులు వచ్చి కూచుని ఏడవడం పుట్టాక ఇదే చూడటం. ఓరకంట మునిషీ గారి వైపు చూశాడు. ఆయన మంకీ క్యాపు పైకి తోసి, చెవులు బయట పెట్టుకుని వింటున్నారు. ఇక చాలనుకున్నాడు వరహాలరావు. కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు మూసుకుని ఉండగానే, ఏడుపుల మధ్యలోంచి ఒక గొంతు పైకి లేచింది. పనసపుట్టు ఈశ్వరమ్మది. పోయినవాళ్ళ గుణాలు చెప్పి శోకం పెట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆ శోకంలో ఒక పద్ధతుంది. పోయినవాడి మంచి చెప్పాలి, చెడ్డా చెప్పాలి. చెడ్డ దాచిపెడితే ఆ మనిషి ఇతనే అని పైలోకంలో గుర్తుపట్టరు.

"తూకం బాబూ, ఎల్లిపోనావా" అని ఎత్తుకుంది ఈశ్వరమ్మ. "కరక్కాయకి కరక్కాయే కట్టినావు, తేమ వంకతో తేనె తగ్గించలేదు, తప్పు కాటా పట్టలేదు, తూకం బాబూ. ఆ పాటొకటి లేకపోతే బంగారం లాటోడివి, తూకం బాబూ. నెత్తి మీద బుట్టతో నిలబడి మెడలు ఇరిగిపోనాయి, అయినా తిట్టలేదు కదా నిన్ను, తూకం బాబూ."

వరహాలరావు ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. ముందున్న ఆడవాళ్ళు ఏడుస్తూనే ఆయన్ను ఎగాదిగా చూస్తున్నారు. శవం పాడటం వాళ్ళకూ కొత్తే. గొడ్డలి ముసలివాడు, పట్నంవాళ్ళ చావులు ఇలాగే ఉంటాయి కాబోలని పక్కవాడికి చెబుతున్నాడు.

అప్పుడు వచ్చింది రత్నాలు. చెప్పులు లేవు, చేతిలో పప్పు గరిటె ఉంది. ఆమె పప్పు దించబోతుంటే నలుగురు ఆడవాళ్ళు ఇంట్లోకి వచ్చి, మెడ కౌగిలించుకుని, అమ్మా నీ మొగుడు పోయాడు కదే అని బావురుమన్నారు. పొద్దున్నే జుట్టుకు రంగు వేసుకుని, సాయంత్రం పాటకు వెళ్ళిన మనిషి ఎలా పోతాడని ఆమెకు తట్టనే లేదు. అలాగే వీధిలో పడి పరుగెత్తింది. స్టేషను మలుపు తిరిగేసరికి ఆ పాట చెవిన పడింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ పాట ఆమెకు అంత హాయిగా వినబడింది లేదు. ఆ హాయి మలుపు నుంచి మైదానం దాకా నిలిచింది.

"ఏటండిది?" అంది వేదిక కింద నిలబడి, పళ్ళ బిగువున. "మీరు పోనారని ఇంటికొచ్చి ఏడుస్తన్నారు. దిగండి బేగి. పప్పు మాడిపోతంది."

వరహాలరావు ఆపబోయాడు. సోంబరు కళ్ళతోనే వద్దన్నాడు. చావు దరువు సగంలో ఆపితే పోయిన జీవుడు దారిలో చిక్కుకుపోతాడు. అంటే తనే చిక్కుకుపోతాడు. వరహాలరావుకు చెమటలు పట్టాయి, అరకు డిసెంబరులో. భార్యకు చేతులు జోడిస్తూ, పాదం మీద పాదం పాడుకుంటూ, పల్లకీ ఎప్పుడొస్తుందా అని పరుగెత్తాడు. విరహం కాస్తా నిజం విరహమై గొంతు వణికింది. ఈసారి ఆ వణుకు ఎవరూ నేర్పింది కాదు.

పల్లకీ వచ్చింది. ఆ పాదం నోట వెలువడగానే సోంబరు రెండో కర్ర తీసి తుడుం మీద పెళ్ళి దరువు విరుచుకుపడేలా కొట్టాడు. సుక్రు మోరీ కిలకిల్లాడింది. జ్ఞానప్రకాశం గిటారుకు పాత గుర్రం గుర్తొచ్చింది.

శోకం టక్కున ఆగింది. ఈశ్వరమ్మ కొంగు దించి, ఇదేం చోద్యమని సోంబరును గదమాయించింది. వాడు దరువు ఆపకుండానే గొంతు చించుకుని జవాబు చెప్పాడు, పోయినోడికే పెళ్ళని, అది పల్లకీయే గాని పాడె కాదని. ఈశ్వరమ్మ వరహాలరావును తేరిపార చూసింది. పక్కనున్న గొడ్డలి ముసలివాడితో ఏదో సంప్రదించింది. తెచ్చిన బియ్యం తెచ్చినట్టే ఉంది, కల్లు తెచ్చినట్టే ఉంది, ఇంత దూరం నడిచి వచ్చారు, పైగా పోయినవాడు పోలేదు. కళ్ళు తుడుచుకుని లేచి, పక్కామె నడుం వెనకగా చెయ్యి వేసింది. ఆమె మరొకామె నడుం చుట్టింది. చూస్తుండగానే ధింసా గొలుసు మైదానమంతా పాములా మెలికలు తిరిగింది. దుప్పటి కప్పుకున్న కాలనీ ఆడవాళ్ళను దుప్పట్లతో సహా లాక్కుపోయింది. రత్నాలును గరిటెతో సహా లాక్కుపోయింది.

పాట ముగిసేసరికి వరహాలరావు మఫ్లరు తడిసి ముద్దయింది. ఆయన దేన్నీ చూడలేదు. చేతులున్న కుర్చీ వైపు మాత్రం చూశాడు. ఇక దాచడానికేముంది? తన పాట బాగాలేదని ఈశ్వరమ్మ వరసకట్టి శోకం పెట్టగా మునిషీ గారు ముందువరసలో కూచుని విన్నారు.

మునిషీ గారి చేతిలో ఒక సొరకాయ బుర్ర ఉంది. చావుకు వచ్చిన పెద్దవాళ్ళకు మర్యాద చెయ్యాలి కదా అని ఎవరో జీలుగు కల్లు పోసి అందించారు. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, వాసన చూసి, దీపం దగ్గరికి పెట్టి లోపలికి తొంగి చూశారు.

"మద్యమంటే మద్యం కాదని నలభై ఏళ్ళు పాఠం చెప్పాను వరహాలూ," అన్నారు. "అసలు మద్యం ఎలా ఉంటుందో ఇవాళే చూశాను. తెల్లగా ఉందే." తాగకుండా బుర్రను కళ్ళకద్దుకున్నంత మర్యాదగా పక్కనున్న గొడ్డలి ముసలివాడికి అందించారు. ఆ ముసలివాడు దాని అర్థం అడగకుండా తాగేశాడు.

వరహాలరావు వేదిక దిగి వచ్చి ఎదుట నిలబడ్డాడు. అలవాటుగా ఆయన కళ్ళు కూజా కోసం వెతికాయి. మునిషీ గారు చాలాసేపు మంకీ క్యాపు సర్దుకున్నారు.

"మళ్ళీ పాడు," అన్నారు.

వరహాలరావుకు సరిగా వినబడలేదనుకుని మరోసారి అన్నారు. "మళ్ళీ పాడమంటున్నాను. మొదట్నించీ, ఆ దరువుతోనే."

వరహాలరావు కాళ్ళు నేల మీద లేవు. ఒక్క గంతులో వేదికెక్కి సోంబరును మొదట్నించి ఎత్తుకోమన్నాడు. సోంబరు కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కుదరదు బాబూ. బతికున్నోడికి చావు దరువు ఒకపాలి కొడితే ఆయువు పెరుగుద్ది. రెండోపాలి కొడితే దేముడు నిజమనుకుంటాడు." సాయం చేసే మనిషిలా అడిగాడు. "ఇంకెవుడి పేరన్నా సెప్పండి, కొడతాను."

స్టేషను మాస్టరు చాప మీద వెనక్కి జరిగాడు. జ్ఞానప్రకాశం తీగలు బిగించే పనిలో పడ్డాడు. ఇంతవరకూ దొరక్క దొరక్క దొరికిన మాట చేతికంది జారిపోతోందని వరహాలరావు మొహం వేలాడేశాడు. ఇంతలో కుర్చీలోంచి మునిషీ గారు చెయ్యి ఎత్తారు.

"నా పేరు రాసుకో నాయనా. ఖలీలుల్లా," అన్నారు. "మా కవులందరూ కోరుకున్నది అదే. ఇంత మంచి దరువుతో ఎవరికి దొరుకుతుంది?"

సోంబరు వేదిక దిగి వచ్చాడు. మునిషీ గారి చుట్టూ ఒకసారి తిరిగి, బుగ్గలూ మోకాళ్ళూ పరీక్షగా చూసి, విచారంగా తల అడ్డంగా ఊపాడు.

"తమరికి వద్దు బాబూ. ముసలోళ్ళకయితే దేముడు మొదటిపాలికే నమ్మీత్తాడు."

మునిషీ గారు పకపకా నవ్వారు. ఆయన పళ్ళు లేని నవ్వు వరహాలరావు అప్పుడే చూడటం. మరి ఈ పాట ఇంకోసారి వినే దారే లేదా అని ఆయన అడిగితే, ఎందుకు లేదన్నాడు సోంబరు. చావొక్కటే ఒక్కసారి. పెళ్ళి దరువయితే ఎన్నిసార్లు కొట్టినా దేవుడు ఏమీ అనుకోడు. పల్లకీ దగ్గర్నుంచి ఎత్తుకోమంటే తెల్లారేదాకా కొడతానన్నాడు. పెళ్ళి ఎవరిదని మాత్రం మళ్ళీ అడిగాడు, పేరుండాలి కనక.

ఈసారి ఎవరూ జవాబు చెప్పే అవసరం లేకపోయింది. ఈశ్వరమ్మ వచ్చి మునిషీ గారి చెయ్యి పట్టుకుని కుర్చీలోంచి లేవదీసింది. షేర్వానీ బొత్తాలు సర్దుకుంటూ, నాకు రాదమ్మా, నాకు రాదు అంటూనే ఆయన గొలుసు చివర చేరారు. ఆయన పక్కన రత్నాలు, ఆమె చేతిలో గరిటె, దాని వెనక గొడ్డలి ముసలివాడు. గొలుసు కదిలింది. మంకీ క్యాపు ఒకటి మిగతా తలలకంటే అర అడుగు ఆలస్యంగా లేస్తూ, దిగుతూ మంచులో తిరిగింది.

వరహాలరావు పల్లకీ పాదం పాడాడు. అయిపోగానే మంచులోంచి "మళ్ళీ" అని కేక వచ్చింది. మళ్ళీ పాడాడు. గొలుసు చుట్టు తిరిగి వచ్చేసరికి మళ్ళీ అదే కేక. ఆ గొంతు ఇన్నేళ్ళు దాచుకున్న మెచ్చుకోలంతా ఒక్క సాయంత్రంలో ఖర్చు పెట్టేలా ఉంది. పాడి పాడి వరహాలరావు గొంతు ఎండిపోయింది, నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. పాట మధ్యలో ఆశగా నాలుగు దిక్కులా చూశాడు. ఆయన బతుకులో మొదటిసారి నిజంగా దాహం వేసిన ఆ పూట, నీళ్ళు తాగమనే నాథుడు ఒక్కడూ లేకపోయాడు.